మూలగడి

తెల్లవారుజాము మూడింటికి గ్యుమ్రిలో
మా వీధికి మేలుకుని ఉండేది మేం ముగ్గురమే:
తోనిర్ పొయ్యి, నేను,
పిండి డబ్బా మీద మేనల్లుడి పాత లాప్‌టాప్.
మీటల సందుల్లో గోధుమపిండి.
మూత తెరిస్తే తలుపు కిర్రుమన్నట్టు ఉంటుంది.

మ్హెర్ కొత్తది కొనుక్కుని ఇది నాకు పడేశాడు,
చదరంగం ప్రోగ్రాం ఒకటి ఎక్కించి.
"ఇది నిన్ను ఓడిస్తుందత్తా, వెక్కిరించదు."
నిజమే.
మంత్రిని ఊరికే పోగొట్టుకున్నా మొహం చిట్లించదు.
పక్కనో అంకె మారుతుంది, అంతే.
రొట్టె మాడబోతుంటే నా ముక్కుకి ముందే తెలిసినట్టు
ఆట మాడబోవడం దానికి తెలుస్తుంది.

మొదటి నెలంతా
వెనక్కి తీసుకునే బాణం గుర్తు అరిగేలా నొక్కాను.
ఎత్తు, వెనక్కి. ఎత్తు, వెనక్కి.
యాభై నాలుగేళ్ళలో ఇలాంటి మీట
ఇంకెక్కడా నా చేతికి తగల్లేదు.

మొన్న మంచు కురిసిన రాత్రి
ఉప్పు జాడీ కింద నుంచి నోటుపుస్తకం తీశాను.
పదహారేళ్ళప్పుడు, ఆడపిల్లల ఫైనల్.
ఆ హాలు భూకంపంలో పోయింది.
పుస్తకం మిగిలింది.
నలభై ఒకటో ఎత్తు దగ్గర
పెన్సిల్ గుచ్చుకుని చిరిగిన కాగితం.
అక్కడే నా నల్ల రాజుని పడుకోబెట్టి
ఎవరి మొహం చూడకుండా బయటికొచ్చేశాను.
ఆ తర్వాత పావు ముట్టలేదు.

ఒక్కో ఎత్తూ దానికి అప్పజెప్పాను,
బడిపిల్ల ఎక్కాలు అప్పజెప్పినట్టు.
నలభై ఒకటి.
అది ఆలోచించింది,
రెండు లవాష్‌లు కాలేంత సేపు.

సున్నా పాయింట్ సున్నా సున్నా.

సమానం.
ముప్పై ఎనిమిదేళ్ళుగా ఓడిపోయి ఉన్నాను
ఓడిపోని ఆటలో.

ఆ పూట రొట్టెలు మాడాయి. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి.

రాజుని ముందుకి కాదు, మూలకి జరపమంది.
మూలకి!
మూలలు పిరికివాళ్ళవని నేర్పాడు మా కోచ్.
కోపం వచ్చి, అక్కడి నుంచి దానితోనే ఆడాను.
ఓడిపోయాను.
మళ్ళీ ఆడాను. మళ్ళీ.
సమానం అనడం దానికి తేలిక.
ఆ సమానాన్ని మోసుకు నడవడం వేరు సంగతి,
నిండు బిందె నెత్తిన పెట్టుకుని
గడ్డకట్టిన వీధి దాటడం.
పదకొండు ఎత్తులు. ప్రతిదానికీ ఒక్కటే దారి.
ఏనుగు ఒక్క గడి అటు పోతే చాలు,
బిందె భళ్ళుమంటుంది.
ముప్పై తొమ్మిదిసార్లు పగలగొట్టాక అనిపించింది,
ఆ పదహారేళ్ళ పిల్ల
భయపడింది ఊరికే కాదని.
దాన్ని తిట్టడం మానేశాను.

నలభయ్యోసారి నిలిచాను.
"డ్రా" అని ఓ చిన్న పెట్టె వచ్చింది తెర మీద,
నొక్కితే పోయింది.
చెప్పుకోవడానికి పొయ్యి తప్ప ఎవరూ లేరు.

అరుస్యాక్ బజారులో జిప్పులు, గుండీలు అమ్ముతుంది.
అప్పుడు నా ఎదుట కూర్చున్నది ఆవిడే.
ఆదివారం అయస్కాంతం బోర్డు సంకలో పెట్టుకుని వెళ్ళాను.
పేరు చెప్పాను, హాలు చెప్పాను,
తన నీలం స్వెట్టరు సంగతి కూడా చెప్పాను.
"ఏ ఆట?" అంది,
ఎవరికో గుండీలు లెక్కపెడుతూ.
గుర్తు లేదు.
నేనూ గుర్తు లేను.

ఇన్నేళ్ళ బరువూ
ఒక్క చేతి మీదే మోశానన్నమాట.

తిరిగొచ్చేద్దామనుకున్నాను.
కాళ్ళు కదల్లేదు, చేతులు కదిలాయి.
దారపు రీళ్ళు పక్కకి జరిపి
పావులు పేర్చాను: అటొక ఏనుగు, ఇటొక ఏనుగు,
నాకు ఒక బంటు తక్కువ.
ఏమీ అనకుండా
రాజుని మూలకి జరిపాను.

గుండీల లెక్క ఆగిపోయింది.
కొనేవాడు ఏదో అడుగుతున్నాడు.
అరుస్యాక్ బోర్డు మీదకి వంగింది.
కుడిచేతి తొడుగు, వేలు వేలుగా,
తీయడం మొదలుపెట్టింది.